వడియాలు ఎండని ఊరు

1998 ఆగస్టులో హ్యూస్టన్ విమానాశ్రయం తలుపు దాటి బయట కాలు పెట్టగానే నా కళ్ళజోడు తెల్లగా మసకబారిపోయింది. ఏమీ కనపడక అక్కడే నిలబడిపోయాను. నా కంటే ఏడాది ముందు వచ్చిన మా వారు పెట్టెలు లాగుతూ, "తుడవకు, రెండు నిమిషాలాగితే అదే పోతుంది" అన్నారు. రాత్రి తొమ్మిదిన్నర దాటింది. కారు దగ్గరికి వెళ్ళేలోపే జాకెట్టు వీపుకి అతుక్కుపోయింది. అమెరికా అంటే చలి దేశమని అమ్మ నా పెట్టెలో రెండు ఉన్ని స్వెటర్లు, ఒక మఫ్లరు కుక్కి పంపింది. వాటి బదులు ఇంకో నాలుగు నూలు చీరలు తెచ్చుకుని ఉంటే ఎంత బాగుండేదో.

ఉక్క నాకు కొత్తేం కాదు. మాది అవనిగడ్డ దగ్గర పల్లె, తర్వాత బందరు వచ్చేశాం. మే నెలలో కరెంటు పోతే విసనకర్ర పట్టుకుని అరుగు మీద పడుకున్న వాళ్ళం. అయితే బందరులో ఎండ ఎంత కాసినా పొద్దు వాలేసరికి సముద్రం మీంచి గాలి తిరుగుతుంది, ప్రాణం లేచొస్తుంది. ఇక్కడ పొద్దు వాలినా తేడా ఉండదు. తెల్లవారి అయిదింటికి చెత్తడబ్బా బయట పెట్టడానికి వెళ్ళినా మొహానికి తడిగుడ్డ అద్దినట్టే ఉంటుంది.

మేముండేది హారిస్ కౌంటీలో. కౌంటీ అంటే మన జిల్లా అనుకోండి. 1,700 చదరపు మైళ్ళ పైచిలుకు, అంటే మన పాత కృష్ణా జిల్లాలో సగం ఉంటుంది. ఎటు చూసినా చదును. దక్షిణాన మెక్సికో సింధుశాఖ. ఎండాకాలంలో ఆ నీళ్ళు కాగి కాగి, వాటి మీది ఆవిరిని దక్షిణపు గాలి రేయింబవళ్ళు మా మీదికి తోస్తుంది. భూగోళం పుస్తకాల్లో దీని పేరు ఆర్ద్ర ఉపఉష్ణమండల వాతావరణం. పేరులోనే ఆర్ద్ర ఉంది. అమ్మ లెక్కలో అయితే ఈ ఊళ్ళో ఏడాదికి ఎనిమిది నెలలు ఆరుద్ర కార్తే.

అమ్మ మొదటిసారి వచ్చింది 2006లో. అప్పటికి ఇక్కడి వానలు, గాలులు నాకు బాగానే అనుభవంలోకి వచ్చాయి. 2001 జూన్‌లో ఆలిసన్ తుఫాను వచ్చినప్పుడు మేము బ్రేస్ బాయూ పక్కన ఒక అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్ళం. బాయూ అంటే ఇక్కడి వాగు. మామూలు రోజుల్లో అడుగున కాస్త నీరు, రెండు కొంగలు. ఆ తుఫాను మంగళవారం తీరం దాటి ఉత్తరంగా పోయింది, పీడ వదిలిందనుకున్నాం. అది మళ్ళీ వెనక్కి తిరిగి, శుక్రవారం రాత్రంతా మా నెత్తిన కూర్చుంది. తెల్లారి చూస్తే మా పాత కొరోలా కిటికీల దాకా మునిగి ఉంది. పక్కనున్న మెడికల్ సెంటర్‌లో నీళ్ళు నేలమాళిగల్లోకి దిగి, కరెంటు సామగ్రి అంతా అక్కడే ఉండడంతో ఆసుపత్రులు చీకటైపోయాయి. కౌంటీలో 22 మంది పోయారు. హరికేన్ స్థాయికి కూడా చేరని తుఫాను అది. అయినా చేసిన నష్టానికి, ఆ పేరు మళ్ళీ ఏ తుఫానుకీ పెట్టకుండా జాబితాలోంచి తీసేశారు.

2005లో రీటా తుఫాను వస్తోందని ఊరు ఊరంతా ఒక్కసారే రోడ్డెక్కింది. పెట్రోలు అయిపోతుందన్న భయంతో ఏసీ కట్టేసి డాలస్ బయల్దేరాం. నాలుగు గంటల దారి, ఇరవై రెండు గంటలు పట్టింది. మధ్యాహ్నానికి కట్టుకెళ్ళిన పెరుగన్నం పులిసిపోయింది. తీరా రీటా తూర్పుకి తిరిగిపోయింది.

అమ్మకి ఇవన్నీ ఫోన్లో చెప్పలేదు. వచ్చిన రోజే ఇల్లంతా తిరిగి చూసి, మెట్ల దగ్గర ఆగి, "మేడ ఉంది, అది చాలు" అంది. అప్పటికి ఇల్లు కొని ఏడాది. ఒక్క అంతస్తు ఇళ్ళు చవగ్గా దొరుకుతుంటే, మేడ లేని ఇల్లు కొనొద్దని ఫోన్లో పట్టుబట్టింది ఆవిడే. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో మేము మిగిలింది పక్కింటి వాళ్ళ మేడ ఎక్కబట్టి. నాకప్పుడు నాలుగేళ్ళు. గుర్తున్నదల్లా అమ్మ తడిచీర, దాని ఉప్పు వాసన.

మే నెల కదా, వచ్చిన వారానికే అమ్మ వడియాల పని పెట్టుకుంది. హిల్‌క్రాఫ్ట్‌లో మనవాళ్ళ కొట్లకి తీసుకెళ్ళి బూడిద గుమ్మడికాయ, పొట్టు మినపప్పు, పచ్చిమిర్చి, ఇంగువ కొనిపించింది. ముక్కలు కోసి ఉప్పూ పసుపూ కలిపి, మూటకట్టి, రాత్రంతా మీద పొత్రం పెట్టి నీరు కార్చింది. పొద్దున్నే పప్పు గట్టిగా రుబ్బి, పెరట్లో ప్లాస్టిక్ బల్ల మీద తన పాత గళ్ళచీర తడిపి పరిచి, వరసలుగా వడియాలు పెట్టింది. "రోహిణి కార్తె దగ్గర పడింది. రెండెండలు చాలు" అంది.

మధ్యాహ్నం మూడింటి దాకా ఎండ పెళ్ళున కాసింది. వేలు పెట్టి చూస్తే వడియం ఇంకా బంకే. నాలుగింటికి దక్షిణాన మబ్బు లేచి, పావుగంటలో కుండపోత. చీర నాలుగు కొసలూ పట్టుకుని లోపలికి పరిగెత్తాం. రెండో రోజూ అదే తంతు. చీర అంచు గడ్డిలోకి జారితే ఫైర్ యాంట్స్ బారులు తీరాయి. చూడ్డానికి మన ఎర్రచీమల్లాగే ఉంటాయి గానీ, కుడితే మర్నాటికి చీముపొక్కు లేస్తుంది. అమ్మ కాలికి మూడు లేచాయి. మూడో రోజు పొద్దున చీర తిరగేసి నీళ్ళు చిలకరించి ఒక వడియం ఒలిచింది. విరిచి చూస్తే లోపల తీగ సాగుతోంది, ఒక పక్కన పచ్చగా బూజు. అమ్మ ఏమీ అనలేదు. మొత్తం తీసి గులాబీ మొక్కల మొదట్లో పాతిపెట్టి, చెయ్యి కడుక్కుని వచ్చి కూర్చుంది. కాసేపటికి, "ఇది ఎండ కాదే. ఆవిరి కుడుము పెడుతున్నాడు పైవాడు" అంది.

ఇదే ఉక్కలో బందరులో వడియాలు ఎలా ఎండుతాయా అని నేను చాలా రోజులు ఆలోచించాను. బందరులో ఎండాకాలం మధ్యాహ్నాలు చాలాసార్లు పడమటి గాలి తోలుతుంది, నేల మీంచి వచ్చే పొడి వడగాలి. సముద్రపుగాలి వచ్చే లోపల దాని పని అది చేసేస్తుంది. ఇక్కడ అలా కాదు. మే నుంచి సెప్టెంబరు దాకా వచ్చేదంతా సముద్రం మీది తడిగాలే. పొద్దుటి పూట గాలిలో తేమ తొంభై శాతం ఉండడం మామూలు విషయం. పోనీ వానలకొక కాలమైనా ఉందా అంటే, అదీ లేదు. ఏడాదికి 50 అంగుళాల పైన పడే వాన పన్నెండు నెలలకీ పంచినట్టు ఉంటుంది. "వానాకాలం ఎప్పుడే ఇక్కడ?" అని అమ్మ అడిగితే నా దగ్గర జవాబు లేకపోయింది.

వడియాల దెబ్బ తర్వాత అమ్మ ఇంకో పని మీద పడింది. ఇంటి వెనక గోడలోంచి ఏసీ గొట్టం ఒకటి బయటికి వస్తుంది, దాన్లోంచి సన్నగా నీళ్ళు కారుతూ ఉంటాయి. దాని కింద బకెట్ పెట్టింది. సాయంత్రానికి నిండింది. "ఇంట్లో ఇంత నీళ్ళు ఎక్కడివి?" అంది. గాల్లోవే అని చెబితే నమ్మలేదు. అల్లుడిచేత మళ్ళీ చెప్పించుకుని, బకెట్‌ని ఎగాదిగా చూసి, "బావిలో తోడినట్టు గాల్లోంచి తోడుతోందన్న మాట మిషను" అంది. అప్పట్నించి కుండీలోని కరివేపాకుకి ఆ నీళ్ళే. ఆ గొట్టంలో పాచి పట్టి మూసుకుపోతే నీళ్ళు ఎటిక్‌లో, అంటే పైకప్పు కింది అటకలో పొంగి సీలింగు తడుస్తుంది. మాకు రెండుసార్లు అయింది, రెండోసారి హాల్లో ఫ్యాను పక్కన ఇంత మేర ఊడి పడింది. నెలకోసారి గొట్టంలో కప్పుడు వెనిగర్ పొయ్యాలని అప్పుడు తెలిసింది.

ఆ ప్రయాణంలోనే అమ్మని గాల్వెస్టన్ తీసుకెళ్ళాం, యాభై మైళ్ళు. సముద్రం గోడ మీద 1900 తుఫాను స్మారకంగా ఒక కంచు విగ్రహం ఉంది. మగవాడు, ఆడమనిషి, చేతుల్లో బిడ్డ. అతని చెయ్యి ఆకాశం వైపు చాచి ఉంటుంది. ఆ సెప్టెంబరు 8 రాత్రి ఆ దీవిలో ఎందరు పోయారో సరిగ్గా లెక్క తేలలేదు, ఆరు వేలకు తక్కువ లేరంటారు, ఎనిమిది వేలని ఎక్కువగా చెబుతారు. ఆ తర్వాతే గోడ కట్టారు, ఊరినే మట్టి పోసి ఎత్తు లేపారు. మా వారు ఇదంతా చెబుతుంటే అమ్మ వింటున్నట్టు లేదు. విగ్రహంలో ఆడమనిషి వైపే చూస్తోంది. "బిడ్డని సరిగ్గానే పట్టుకుంది" అని మాత్రం అని, కారెక్కింది.

అమ్మ రెండోసారి వచ్చి ఉండగా వచ్చింది ఐక్ తుఫాను. 2008 సెప్టెంబరు 12, శుక్రవారం. స్నానాల తొట్టెల నిండా నీళ్ళు పట్టాం, కుండీలన్నీ గరాజులోకి చేర్చాం, మెట్ల కింది గదిలో బొంతలు పరిచాం. అర్ధరాత్రి ముందే కరెంటు పోయింది. రెండు దాటాక ఐక్ గాల్వెస్టన్ దగ్గర తీరం దాటింది. ఆ గాలి చప్పుడు నేనిక్కడ రాయలేను. అమ్మ మెలకువగానే ఉంది, దణ్ణం పెట్టుకోవడం లేదు, చెవి పెట్టి వింటోంది. తెల్లవారుజామున, "తిరిగింది, పడమట్నించి కొడుతోంది. ఇంక పోతుంది, పడుకోండి" అని తాను పడుకుని గురక పెట్టింది. మేము రేడియో పట్టుకుని తెల్లారేదాకా కూర్చున్నాం. రేడియో వాళ్ళు అదే మాట చెప్పేసరికి ఇంకో గంట పట్టింది.

పొద్దున్నే చూస్తే మా వీధిలో చెక్క కంచెలన్నీ పడిపోయాయి. వరసగా ఏడిళ్ళ పెరళ్ళు ఒక్క మైదానం. మూడేళ్ళుగా వెనకింట్లో ఉంటున్న వియత్నాం వాళ్ళని అంత దగ్గరగా చూడడం అదే మొదటిసారి. వాళ్ళ ముసలావిడ ఫ్రీజర్ కరిగిపోతోందని రెండు పెద్ద సంచుల రొయ్యలు బయట పెట్టుకుని కూర్చుంది. అమ్మ చీర బొడ్లో దోపుకుని పోయి ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది. ఇద్దరూ మధ్యాహ్నం దాకా రొయ్యలు ఒలిచారు. ఈవిడ తెలుగు, ఆవిడ వియత్నామీస్. మా గ్యాసు పొయ్యి అగ్గిపుల్లతో వెలిగేది, కాబట్టి రొయ్యల ఇగురు మా ఇంట్లో, సూప్ వాళ్ళ ఇంట్లో బొగ్గుల పొయ్యి మీద. ఊరంతటా కలిపి ఇరవై లక్షలకు పైగా మీటర్లకు కరెంటు లేదన్నారు. మాకు పదకొండు రోజులు రాలేదు.

ఆ పదకొండు రోజుల్లో నాకు బాగా గుర్తున్నది ఇబ్బంది కాదంటే ఎవరూ నమ్మరు. తుఫాను పోయిన మర్నాడు ఒక వాన పడి, వెనకే ఉత్తరం నుంచి చల్లటి పొడిగాలి దిగింది. సెప్టెంబరు మధ్యలో హ్యూస్టన్‌లో అలాంటి గాలి! ఆ ఇల్లు కొన్నాక మొదటిసారి కిటికీలన్నీ తెరిచాం. రెండు కిటికీలు రంగు పూతకి అతుక్కుపోయి ఉంటే మా వారు స్క్రూడ్రైవర్‌తో పెకలించారు. రాత్రి ఫ్రీవే చప్పుడు లేదు, ఏసీల మోత లేదు, కప్పలు అరుస్తున్నాయి. అమ్మ హాల్లో నేల మీద దుప్పటి పరుచుకుని, "ఇన్నాళ్ళకి మీ ఊళ్ళో ఊపిరాడింది" అంది. మర్నాడు పొద్దున వడియాలు పెడదామా అని కూడా అడిగింది. నేనే వద్దన్నాను. ఇప్పటికీ ఆ మాటకి నన్ను దెప్పుతుంది.

2011లో మూడోసారి వచ్చింది. ఆ ఏడు వానలే లేవు. ఆగస్టులో వరసగా 24 రోజులు వంద డిగ్రీలు దాటింది (ఇక్కడి లెక్క ఫారెన్‌హీట్‌లో). నెలాఖర్లో ఒకరోజు 109, ఈ ఊరి రికార్డుకి సమానం. దక్షిణపు గాలి ఆగిపోయి, పడమటి నుంచి ఎండు సెగ. పెదాలు పగిలాయి. హ్యూస్టన్‌లో పెదాలు పగలడం! మెమోరియల్ పార్కులో పెద్దపెద్ద చెట్లు నిలువునా మాడిపోయాయి. టీవీలో, ఆఫీసులో, గుళ్ళో ఎక్కడ చూసినా ఇదే ఏడుపు. మా ఇంట్లో మాత్రం అమ్మ పెరటి తలుపు తీసి, మొహానికి సెగ కొట్టగానే, చిన్నప్పటి స్నేహితురాలు కనపడ్డట్టు, "అదీ, ఇదీ ఎండంటే!" అంది. గుమ్మడి వడియాలు, సగ్గుబియ్యం వడియాలు, చల్ల మిరపకాయలు వరసగా పెట్టింది. మొదటి వాయి రెండెండల్లో గలగలమంది. గళ్ళచీర మీంచి ఒలిచి చేటలో పోస్తుంటే గులకరాళ్ళ చప్పుడు.

అదే నెలలో మా పడకగది తలుపు పడడం మానేసింది. గోడ మూలన పగులు పైదాకా పాకింది. ఇక్కడి నేల మన నల్లరేగడి బాపతే. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బీటలు తీస్తుంది. నేల కుంగితే పైనున్న కాంక్రీటు పలక కూడా కుంగుతుంది. అందుకని ఇంటి చుట్టూ చిల్లుల గొట్టం పరిచి పునాదికి నీళ్ళు పట్టాలి. మా వారు సాయంత్రం గొట్టం తిప్పుతుంటే అమ్మ వచ్చి, అక్కడ మొక్కలేం లేవే అని చూసి, సంగతి తెలిశాక పకపకా నవ్వింది. "చేనుకి పెడతారు, చెట్టుకి పెడతారు. ఇంటికి నీళ్ళు పెట్టడం ఇక్కడే చూశాను అల్లుడుగారూ. ఏపుగా పెరుగుతుందా?"

తర్వాత అమ్మ రాలేదు. మోకాళ్ళు. 2017లో హార్వీ నాలుగు రోజులు కదలకుండా కురిసినప్పుడు రోజుకి ఆరుసార్లు ఫోను చేసింది. మా వీధిలో నీళ్ళు గుమ్మం మెట్టు దాకా వచ్చి ఆగాయి. పడమటి వైపు పాత జలాశయాలు రెండూ నిండి నీళ్ళు వదిలారు, అక్కడి మన తెలుగువాళ్ళు చాలామంది పడవల్లో బయటపడ్డారు. వారం రోజులు మా ఇంట్లో పన్నెండు మందికి వంట. ఆ ఫోన్లన్నిట్లో అమ్మ అడిగింది ఒకే ప్రశ్న. మేడ మీదే పడుకుంటున్నారా?

2021 ఫిబ్రవరిలో 13 డిగ్రీల చలి వచ్చింది, అంటే నీళ్ళు గడ్డకట్టే స్థాయికి ఇంకా పందొమ్మిది డిగ్రీలు కింద. హ్యూస్టన్‌ది హరిద్వారం అక్షాంశమేనని, ఉత్తరాన అడ్డుగా హిమాలయాలు లేవని అప్పుడు గుర్తొచ్చింది. కరెంటు పోయింది, పైపులు పగిలాయి. 1998 నాటి స్వెటర్లు పెట్టె అడుగు నుంచి తీసి వేసుకున్నాను, మెడ దగ్గర కలరా ఉండల వాసనతో. కరివేపాకు కుండీని గరాజులోకి చేర్చి గళ్ళచీర రెండు మడతలు చుట్టాను. అయినా నల్లబడి పోయింది. వేరు బతికే ఉంటుంది, పారెయ్యొద్దని అమ్మ ఫోన్లో మరీ మరీ చెప్పింది. జూన్ దాకా నీళ్ళు పోశాను. రాలేదు. హిల్‌క్రాఫ్ట్‌లో జానెడు మొక్కకి వాళ్ళు చెప్పిన ధర అమ్మకి ఇప్పటికీ చెప్పలేదు.

2024 జులైలో బెరిల్ వచ్చింది. ఆదివారం రాత్రి గారెలకని పొట్టు మినపప్పు రుబ్బి ఫ్రిజ్‌లో పెట్టాను. తెల్లారేసరికి గాలి, వాన, కరెంటు లేదు. ఐక్ తర్వాత వచ్చిన చల్లగాలి కోసం ఎదురు చూశాను గానీ, ఈసారి వచ్చింది మామూలు జులై. ఇంట్లో తొంభై డిగ్రీలు. పిండి సాయంత్రానికి పులిసిపోతుంది. పెరట్లో తీగ తెగి బూడిద గుమ్మడికాయ ఒకటి పడి ఉంది. దాన్ని కోసి, ఉప్పు కలిపి పిండి, మిగతావన్నీ పిండిలో వేసి కలిపేశాను. పెట్టడం ఎక్కడ? బయట నీటిబొట్లు రాలుతున్నాయి, గడ్డినిండా చీమలు. మంగళవారం పొద్దున ఫోను చార్జింగ్ పెడదామని కారులో కూర్చుంటే తట్టింది. ఎండలో ఆపిన కారు లోపల పొయ్యే కదా. వెనక సీట్లు పడగొట్టి, పళ్ళాల మీద గళ్ళచీర ముక్కలు పరిచి, వడియాలు పెట్టి, అద్దాలు అంగుళం దించి ఉంచాను. గంట గంటకీ వెళ్ళి తలుపు తీసి ఆవిరి వదలడం, మళ్ళీ వెయ్యడం.

బుధవారం సాయంత్రానికి పూర్తిగా ఎండాయి. కారు మాత్రం నెలన్నర ఇంగువ వాసన కొట్టింది. మా అబ్బాయి స్నేహితులని ఎక్కించుకోవడం మానేశాడు.

గ్యాసు పొయ్యి మీద గుప్పెడు వేయించి అమ్మకి వీడియో కాల్ చేశాను. అక్కడ తెల్లవారుతోంది. కారు సంగతి వినగానే, "ఛీ, చెప్పులు పెట్టుకునే చోట తిండి ఎండబెట్టావా?" అంది. రంగు చూపించమంది. అంత నమ్మకం కుదిరినట్టు లేదు.

"చూపిస్తే ఏం తెలుస్తుందే? ఫోను దగ్గర పెట్టుకుని ఒకటి కొరుకు."

కొరికాను.

"ఆఁ, ఎండాయి" అంది అమ్మ.